హావ్‌లాక్ మూడో నంబరు బజారులో నెట్ దుకాణం: ద్వీపంలో పని సాగించే చోటు

అండమాన్‌లోని హావ్‌లాక్ ద్వీపానికి బయలుదేరే తెలుగువాళ్లు నన్ను తరచుగా అడిగే ప్రశ్న ఒకటే: అక్కడ నెట్ వస్తుందా? వస్తుంది. మీకు అవసరమైన గంటలో వస్తుందా అని అడిగితే మాత్రం లాడ్జివాళ్లూ సరైన జవాబు చెప్పరు, సిమ్ములు అమ్మేవాళ్లూ చెప్పరు. ఆ జవాబు ఉన్నదున్నట్టు చెప్పే చోటు ఈ ద్వీపంలో నాకు తెలిసి ఒకటే. మూడో నంబరు బజారులో ఉన్న చిన్న నెట్, జిరాక్స్ దుకాణం. నా బతుకుతెరువు చాలావరకు దాని మీదే నడుస్తోంది కాబట్టి కాస్త వివరంగా రాస్తున్నాను.

ఇక్కడ ఊళ్లను పేరుతో పాటు నంబరుతోనూ పిలుస్తారు. జెట్టీ నుంచి వచ్చే రోడ్డు మూడో నంబరు గోవింద్‌నగర్ కూడలి దగ్గర రెండుగా చీలుతుంది. ఒకటి ఐదో నంబరు విజయ్‌నగర్ వైపు, రెండోది ఏడో నంబరు రాధానగర్ బీచి వైపు వెళ్తాయి. చీలికకు కొంచెం ఇవతల, కూరగాయల దుకాణాలు అయిపోయేచోట రేకుల కప్పు, నీలం తలుపు కనిపిస్తాయి. అదే. లోపల నాలుగు కుర్చీలు, మూడు కంప్యూటర్లు, ఒక జిరాక్స్ యంత్రం, ఒక ప్రింటరు. గుమ్మం పక్కన గోడకు తెల్ల బోర్డు తగిలించి ఉంటుంది. నా దృష్టిలో దుకాణం మొత్తంలో విలువైన వస్తువు ఆ బోర్డే. దాని సంగతి తర్వాత చెబుతాను.

నేను పుట్టి పెరిగింది పోర్ట్ బ్లెయిర్ జంగ్లీఘాట్‌లో. మా తాతగారు శ్రీకాకుళం తీరం నుంచి చేపల వేట కోసం వచ్చి స్థిరపడ్డారు. ఆ పేటలో ఇప్పటికీ తెలుగు వినిపించని వీధి ఉండదు. పోర్ట్ బ్లెయిర్ 2024 నుంచి శ్రీ విజయపురం అయింది, హావ్‌లాక్ 2018 చివర స్వరాజ్ ద్వీప్ అయింది. మాకు అలవాటైన పాత పేర్లతోనే ఇక్కడ రాస్తున్నాను. పెళ్లయ్యాక హావ్‌లాక్ వచ్చాను. ఇక్కడి లాడ్జిలకు, హోటళ్లకు, సముద్రంలో డైవింగ్ నేర్పే కేంద్రాలకు లెక్కలు రాసి, జీఎస్టీ రిటర్నులు వేసిపెడతాను. నెలనెలా వేసేవాళ్లకు జీఎస్టీఆర్-1 అనే అమ్మకాల రిటర్ను నెలలో 11వ తేదీలోపు, పన్ను కట్టే 3బీ రిటర్ను 20వ తేదీలోపు వెళ్లిపోవాలి. పన్ను ఉన్న 3బీ ఆలస్యమైతే రోజుకు 50 రూపాయల రుసుము, పన్ను మీద ఏడాదికి 18 శాతం లెక్కన వడ్డీ. ద్వీపంలో కరెంటు లేదు, నెట్ పోయింది అంటే జీఎస్టీ పోర్టల్, అంటే ఆ వెబ్‌సైటు, వినదు. ఆరు గదులున్న చిన్న లాడ్జి యజమాని ఆ డబ్బు తన జేబులోంచి కట్టుకోవాలి. నెట్ విషయంలో నేను ఇంత పట్టుదలగా ఉండటానికి కారణం అదే.

ముందు కొంత పాత సంగతి చెప్పకపోతే ఈ దుకాణం విలువ అర్థం కాదు. 2020కి ముందు అండమాన్‌లో ఇంటర్నెట్ అంతా ఉపగ్రహాల మీదే వచ్చేది. అవి దాదాపు 36,000 కిలోమీటర్ల ఎత్తున ఉంటాయి. మీరు ఒక బటన్ నొక్కితే ఆ సంకేతం పైకి వెళ్లి కిందికి దిగాలి. జవాబు మళ్లీ పైకి వెళ్లి కిందికి దిగాలి. ఆ ప్రయాణానికే అర సెకను పోతుంది. ఒక్క పేజీ తెరుచుకోవాలంటే ఇలాంటి రాకపోకలు పదుల కొద్దీ జరగాలి. పైగా ద్వీపాలన్నిటికీ కలిపి ఉన్న సామర్థ్యమే తక్కువ. పన్నెండో తరగతి ఫలితాల రోజున మేము వైజాగ్‌లో ఉన్న మా పిన్నికి ఫోన్ చేసి రోల్ నంబరు చెప్పేవాళ్లం. ఆవిడ అక్కడ చూసి మార్కులు చదివి వినిపించేవారు. పేటలో పిల్లలందరి నంబర్లూ ఆవిడకే వెళ్లేవి.

చెన్నై నుంచి సముద్రం అడుగున కేబుల్ వేసే పనికి 2018 డిసెంబరు 30న శంకుస్థాపన జరిగింది. 2020 ఆగస్టు 10న ప్రధానమంత్రి దాన్ని ప్రారంభించారు. మొత్తం పొడవు సుమారు 2,300 కిలోమీటర్లు, ఖర్చు 1,224 కోట్ల రూపాయల దాకా. పోర్ట్ బ్లెయిర్‌తో పాటు హావ్‌లాక్, లాంగ్ ఐలాండ్, రంగత్, లిటిల్ అండమాన్, కార్ నికోబార్, కమోర్టా, గ్రేట్ నికోబార్ దాకా ఆ తీగ వెళ్లింది. అది మా జీవితాలను మార్చింది. ఈ మాట నిండు మనసుతో అంటున్నాను. నేను ఈ ద్వీపంలో కూర్చుని ఈ పని చేసుకోగలగడమే ఆ కేబుల్ పుణ్యం.

అయితే కేబుల్ ద్వీపానికి వచ్చినంత మాత్రాన నెట్ మన బల్ల మీదికి వచ్చినట్టు కాదు. చెన్నై నుంచి పోర్ట్ బ్లెయిర్ దాకా సముద్రం కింద సంకేతం వెలుగు రూపంలో వందో వంతు సెకనులో చేరుతుంది. ఒడ్డెక్కిన తర్వాతే కష్టాలు మొదలవుతాయి. ఇంటికి వచ్చే సన్నటి ఫైబరు తీగ స్తంభాల మీద, చెట్ల మధ్య నుంచి వస్తుంది. ఒక్క కొబ్బరి మట్ట రాలి పడితే చాలు, ఆ తీగ తెగిపోతుంది. వానాకాలం మే నెలలో మొదలై ఏడాదిలో సగానికి పైగా ఉంటుంది. గాలిలో ఉప్పుకు ప్లగ్గులు, సాకెట్లు, అడాప్టర్ పిన్నులు తుప్పు పడతాయి. కరెంటు డీజిల్ జనరేటర్ల నుంచి వస్తుంది, పోయినప్పుడు టవర్ల బ్యాటరీలు కొంతసేపే ఆదుకుంటాయి. ఇక మోడెం మీద ఎర్ర లైటు వెలిగిందంటే తీగ అతికేవాళ్లు వచ్చేదాకా ఎదురు చూడటమే. వాళ్లకు కావలసిన సామాను ఒక్కోసారి పోర్ట్ బ్లెయిర్ నుంచి ఓడలో రావాలి.

మా ఇంట్లోనూ ఫైబరు ఉంది. ఏ కంపెనీదో రాయను, ఎందుకంటే ఇక్కడ ఏ కంపెనీ తీగైనా అవే స్తంభాలు, అవే చెట్లు దాటి రావలసిందే. నేను పట్టించుకునేది ఒకటే. వేగం తక్కువైతే పనిని దానికి తగ్గట్టు సర్దుకోవచ్చు. ఎప్పుడు ఉంటుందో, ఎప్పుడు పోతుందో తెలియకపోతే ఏ పనీ సర్దుకోలేం. నాకు సెకనుకు 100 మెగాబిట్లు అక్కరలేదు. రెండు మెగాబిట్లు చాలు, ఉదయం 5 నుంచి 7 దాకా తప్పకుండా ఉంటాయని ఎవరైనా చెబితే.

ఆ మాట చెప్పేది ఈ దుకాణం.

యజమాని బెంగాలీ. తూర్పు బెంగాల్ నుంచి శరణార్థులుగా వచ్చి ఈ ద్వీపంలో స్థిరపడ్డ కుటుంబాలలో ఒకటి ఆయనది. ఊరంతా ఆయన్ను దాదా (బెంగాలీలో అన్న) అంటుంది, నేనూ అంతే. రోజూ దుకాణం తెరవగానే ఆయన చేసే మొదటి పని బోర్డు తుడిచి రాయడం. మొదటి లైను ఎలా ఉంది, రెండో లైను ఎలా ఉంది, కరెంటు కోత ఏ వేళల్లో అని కబురు వచ్చింది, ఈరోజు ఓడలు ఎన్ని గంటలకు. ఈ నాలుగు సంగతులూ హిందీలో రాస్తారు. మధ్యలో ఏదైనా మారితే లేచి వెళ్లి బోర్డు దిద్దుతారు. లైను బాగాలేనప్పుడు బయటి నుంచే తెలిసిపోతుంది, లోపలికి వచ్చి డబ్బు పెట్టి కూర్చుని తల పట్టుకోవలసిన అవసరం లేదు. కూర్చున్నాక మధ్యలో నెట్ పోతే ఆ సమయానికి డబ్బు తీసుకోరు. ఇది ఎవరో అడిగితే ఇచ్చే రాయితీ కాదు, అక్కడి పద్ధతే అది.

ఓడల వేళలు బోర్డు మీద ఎందుకు అని కొత్తవాళ్లు ఆశ్చర్యపోతారు. ఫోను నెట్ ఒక టవరు పరిధిలో ఉన్న వాళ్లందరూ పంచుకునేది. పోర్ట్ బ్లెయిర్ నుంచి ఓడ వచ్చిందంటే వందల మంది ఒక్కసారిగా దిగుతారు. దిగుతూనే ఫోన్లు తీసి ఇంటికి ఫొటోలు పంపుతారు, లాడ్జి దారి వెతుకుతారు. డిసెంబరు, జనవరి నెలల్లో ఆ వేళకు నా ఫోనులో సిగ్నల్ గీతలన్నీ నిండుగా కనిపిస్తాయి, పేజీ మాత్రం తెరుచుకోదు. దుకాణంలో పనిచేసే కుర్రాడు మా జంగ్లీఘాట్ తెలుగువాడే. నేను ఏదైనా పెద్ద ఫైలు తెరవబోతే గడియారం చూసి, "అక్కా, ఇప్పుడు వద్దు. ఓడ ఒడ్డుకు వచ్చే వేళయింది. ముప్పావు గంట ఆగు, తేలిగ్గా వెళ్లిపోతుంది" అంటాడు. ఆగితే నిజంగానే వెళ్లిపోతుంది.

సాయంత్రం ఆరు నుంచి రాత్రి పది దాకా ఇంకా కష్టం. ఇక్కడ సూర్యుడు ఐదింటికే మొహం చూపిస్తాడు, సాయంత్రం ఐదు, ఐదున్నరకల్లా చీకటి పడుతుంది. దేశమంతటికీ ఒకే గడియారం కాబట్టి తూర్పు కొసన ఉన్న మాకు రోజు ముందే మొదలై ముందే ముగుస్తుంది. చీకటి పడగానే పర్యాటకులందరూ గదులకు చేరి వీడియో కాల్స్ మొదలుపెడతారు. అందుకే ఇక్కడ తెలివైనవాళ్లు పనిని తెల్లవారుజామున పెట్టుకుంటారు. మామూలు రోజుల్లో దుకాణం ఏడింటికి తెరుస్తారు. నెలలో 11వ తేదీన, 20వ తేదీన మాత్రం నాలాంటి లెక్కలవాళ్ల కోసం ఐదింటికే తలుపు తీస్తారు. దీనికి ఎవరూ అర్జీ పెట్టలేదు. రెండు నెలలు మేము బయట మెట్ల మీద కూర్చోవడం చూసి ఆయనే మొదలుపెట్టారు.

లైన్ల ఏర్పాటు కూడా ఆలోచించి చేసిందే. ఒకటి ఫైబరు. రెండోది వేరే కంపెనీ సిమ్ముతో నడిచే రౌటరు, దాని యాంటెనాను వెదురు గడ కట్టి కప్పు పైన టవరు వైపు తిప్పి పెట్టారు. రెండూ చిన్న లిథియం బ్యాటరీ డబ్బాల మీద నడుస్తాయి. రౌటరు సాధారణంగా 12 వోల్టుల మీద, చాలా తక్కువ కరెంటుతో నడుస్తుంది కాబట్టి కరెంటు పోయినా అవి గంటల తరబడి ఆగవు. పెద్ద ఇన్వర్టరు కొనలేని లాడ్జివాళ్లకు నేను మొదట చెప్పే సలహా ఈ డబ్బానే. కరెంటు రెప్పపాటు పోయి వస్తే రౌటరు మళ్లీ మొదటి నుంచి లేవడానికి కొన్ని నిమిషాలు పడుతుంది, ఆ లోపు పోర్టల్ మనల్ని బయటికి నెట్టేస్తుంది, ఓటీపీ గడువు తీరిపోతుంది. ఆ డబ్బా ఉంటే ఆ బాధ లేదు. దాదా వీటిని అమ్మరు కూడా. ఎక్కడ దొరుకుతాయో, ఎన్ని వోల్టులవి తీసుకోవాలో మోడెం వెనక చీటీ చదివి మరీ చెబుతారు.

రెండు లైన్లు ఉన్నా సముద్రం కింద దారి ఒక్కటే. దానికి దెబ్బ తగిలితే ఓడ వెళ్లి, చోటు గుర్తించి, తీగను పైకి లాగి అతకాలి. అలాంటి రోజున ఏ దుకాణం చేతిలోనూ ఏమీ ఉండదు. అప్పుడు బోర్డు మీద 'ఈరోజు నెట్ లేదు, జిరాక్స్ ఉంది' అని ఉంటుంది. అంతే. 'కాసేపట్లో వచ్చేస్తుంది' అని కూర్చోబెట్టరు.

నాకు బాగా నచ్చినది నెట్‌ను తక్కువ వాడి పని పూర్తి చేయించే తీరు. జీఎస్టీవాళ్లే ఉచితంగా ఇచ్చే ఆఫ్‌లైన్ టూలు ఒకటుంది. బిల్లుల వివరాలన్నీ నెట్ లేకుండానే అందులో నింపుకుని, చివరికి ఒక చిన్న ఫైలు తయారు చేసుకుని దాన్ని మాత్రమే పోర్టల్‌కు ఎక్కించవచ్చు. ఆ ఫైలు ఒక ఫొటో కంటే ఎంతో చిన్నది. నేను లెక్కలు ఇంట్లో ట్యాలీ అనే లెక్కల సాఫ్ట్‌వేర్‌లో రాసుకుంటాను, ఫైలు ఇంట్లోనే తయారవుతుంది, దుకాణానికి పెన్‌డ్రైవ్‌తో వెళ్తాను. నెట్‌తో పని పది నిమిషాలే. ఆ టూలు తాజా కూర్పును దుకాణం హార్డ్ డిస్కులో ఎప్పుడూ దించి ఉంచుతారు. దానితో పాటు ద్వీపంలో తరచుగా అవసరమయ్యే దరఖాస్తు ఫారాలు, ప్రింటర్ల డ్రైవర్లు, అండమాన్ ఆఫ్‌లైన్ మ్యాపులు ఎక్కించుకునే పద్ధతి రాసిన కాగితం, అన్నీ సిద్ధంగా ఉంటాయి. పదిమంది పదిసార్లు దించుకోవలసినది ఒకసారి రాత్రివేళ దించి పెడితే పగటి లైను మీద అంత బరువు తగ్గుతుంది.

పిల్లల కాలేజీ దరఖాస్తుల కాలంలో ఈ దుకాణం చూడాలి. ఫొటో 50 కేబీ లోపు, సంతకం 20 కేబీ లోపు అని ఆ ఫారాలలో షరతులు ఉంటాయి. ఫోనులో తీసిన ఫొటో దానికి ఎన్నో రెట్లు ఉంటుంది. దాన్ని ఎక్కించడానికి ప్రయత్నించి, తిరస్కరించబడి, మళ్లీ ప్రయత్నించి పిల్లలు సగం రోజు పోగొట్టుకుంటారు. ఇక్కడ మన కుర్రాడు ముందు నెట్ ఆపి, ఫొటో, సంతకం, మార్కుల పత్రం అన్నీ సరైన కొలతకు తగ్గించి ఒక ఫోల్డరులో పెట్టి, ఫారంలో రాయవలసినదంతా కాగితం మీద రాయించి, అప్పుడు మాత్రమే పోర్టల్ తెరుస్తాడు. చివరి తేదీ రోజున మిగిలిన కంప్యూటర్లు ఆపేసి లైను మొత్తం ఆ పిల్లలకే ఇస్తారు. ఒకసారి అలా ఒక పిల్ల కోసం నన్ను కూడా లేపేశారు. నాకు సంతోషమే అయింది. ఆ దరఖాస్తు వెళ్లకపోతే ఆ పిల్లకు ఒక సంవత్సరం పోతుంది.

ఇక వీడియోల సంగతి. డైవింగ్ కేంద్రాలవాళ్లు సముద్రం అడుగున అతిథులకు తీసిన వీడియోలు పంపాలి. 64 జీబీ కార్డు నిండా ఉన్నాయనుకోండి. సెకనుకు 2 మెగాబిట్ల అప్‌లోడు ఎక్కడా ఆగకుండా నడిచినా దాదాపు మూడు రోజులు పడుతుంది. ప్రభుత్వ ఓడ ఇక్కడి నుంచి పోర్ట్ బ్లెయిర్‌కు రెండున్నర గంటల్లో చేరుతుంది. కాబట్టి అతిథి ఇంకా ద్వీపంలో ఉండగానే వీడియోలు కార్డులోకో పెన్‌డ్రైవ్‌లోకో కాపీ చేసి చేతికి ఇచ్చేయమంటారు దాదా. అతిథి ముందే వెళ్లిపోతే తెలిసినవాళ్లతో ఓడ మీద పోర్ట్ బ్లెయిర్‌కు పంపించి, అక్కడి నుంచి ఎక్కించే ఏర్పాటు చూస్తారు. కాపీకి తీసుకునేది కొద్దిపాటి రుసుము. మూడు రోజులు లైను పట్టుకుని కూర్చోబెట్టి గంటల లెక్కన వసూలు చేసే అవకాశం ఉండి కూడా ఇలా చెప్పే మనిషిని నేను గౌరవిస్తాను.

అక్కడ కొన్ని నియమాలున్నాయి, కొందరు పర్యాటకులకు అవి నచ్చవు. పగటిపూట వీడియో కాల్ చేయకూడదు, సినిమాలు చూడకూడదు. ఫోను, ల్యాప్‌టాప్ తెచ్చుకుని వైఫై వాడుకోవచ్చు కానీ వాటిలో అప్‌డేట్లు, ఫొటోలు తమంతట తాము ఎక్కే సదుపాయం ఆపి చూపించాలి. నా ఉద్దేశంలో ఇది పూర్తిగా న్యాయం. ఒక్క ఫోను మీకు తెలియకుండానే ఆ రోజు తీసిన 300 ఫొటోలు క్లౌడుకు పంపడం మొదలుపెడితే పక్క కుర్చీలో ఉన్న మనిషి పింఛను పత్రం ఆగిపోతుంది. ఊరిబావి నీటిలాంటిది ఈ లైను, తోడుకునేవాళ్లు పక్కవాళ్లను చూసుకోవాలి. వీడియో మీటింగు తప్పనిసరి అయితే ముందురోజే చెప్పండి, ఉదయం ఏడుకు ముందు గంటసేపు ఇస్తారు. మాట మాత్రమే వినిపించి బొమ్మ ఆపితే ఇంకా తేలిక.

పర్యాటకులుగా వచ్చే తెలుగువాళ్లకు ఈ దుకాణం ఎక్కడ పనికొస్తుందో కూడా చెప్పాలి. తిరుగు ఓడ టికెట్టు ఫోనులో మెయిల్‌గా ఉందని నిశ్చింతగా వచ్చి, జెట్టీ దగ్గర ఆ మెయిలు తెరుచుకోక కంగారుపడే కుటుంబాలను ఎప్పుడూ చూస్తుంటాను. దిగిన రోజే ఇక్కడికి వచ్చి ఓడ టికెట్టు, విమానం టికెట్టు, లాడ్జి రసీదు కాగితం మీద తీయించుకోండి. యూపీఐ మీద పూర్తిగా ఆధారపడకండి. డబ్బు ఖాతాలోంచి వెళ్లిపోయి దుకాణదారుకు చేరని సందర్భంలో ఇద్దరికీ ఇబ్బందే, తిరిగి జమ అయ్యేలోపు మీ ఓడ వెళ్లిపోతుంది. ఏటీఎంలు ఈ ద్వీపంలో వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు కాబట్టి నగదు పోర్ట్ బ్లెయిర్‌లోనే తీసుకుని రండి. డేటా లేకపోయినా మామూలు సిగ్నల్ మీద పనిచేసే స్టార్ 99 హ్యాష్ (*99#) పద్ధతి ఒకటుంది. బ్యాంకుకు ఇచ్చిన నంబరు నుంచి అది డయల్ చేస్తే ఒకసారికి 5,000 రూపాయల దాకా పంపవచ్చు. దాన్ని ముందుగా మీ ఊళ్లోనే నమోదు చేసుకుని రావాలి, అందుకు డెబిట్ కార్డు వివరాలు కావాలి. దాన్ని ఎలా వాడాలో దుకాణంలో కుర్రాడు తెలుగులోనే చెబుతాడు.

గాలివానల కాలంలో ఇదంతా ఇంకా ముఖ్యం. 2016 డిసెంబరులో తుపాను వాతావరణం వల్ల ఓడలు ఆగిపోయి వందల మంది పర్యాటకులు హావ్‌లాక్‌లో చిక్కుకుపోయారు, నౌకాదళం ఓడలు వచ్చి తీసుకెళ్లాయి. అలాంటప్పుడు ఫోన్లు కూడా సరిగా పనిచేయవు, ఇంట్లోవాళ్లు తల్లడిల్లిపోతారు. అందుకే అక్టోబరు నుంచి డిసెంబరు మధ్య వచ్చేవాళ్లు లాడ్జి ల్యాండ్‌లైన్ నంబరు ఉంటే అది, తోటి ప్రయాణికుల నంబర్లు ఒక కాగితం మీద రాసి ఇంట్లో ఇచ్చి రండి. మందుల చీటీలు, ఇన్సూరెన్సు కాగితాలు కూడా క్లౌడులో ఉన్నాయని వదిలేయకుండా ఫోనులోనే దించి పెట్టుకోండి.

లోపాలు లేవని అనను. మధ్యాహ్నం రేకుల కింద ఉక్క భరించడం కష్టం, ఒక్కటే ఫ్యాను. మూడు కంప్యూటర్లలో గోడ పక్కది బాగా పాతది. అందులో పోర్టల్ పేజీలు సరిగా కనిపించవు, దాన్ని తీసేయడం మేలని చాలాసార్లు చెప్పాను. రంగు ప్రింట్లు వానాకాలంలో పాలిపోయి వస్తాయి, తేమకు కాగితాలు అంటుకుంటాయి. పాస్‌పోర్టు ఫొటోల కోసం ఇక్కడికి రాకండి. వయసు మళ్లినవాళ్లకు గుమ్మం మెట్లు ఎత్తు ఎక్కువ.

నాకు అసలు కోపం వచ్చిన విషయం వేరు. మొదట్లో ఆ కంప్యూటర్లలో జనం ఆధార్ కాపీలు, పాన్ కార్డులు, బ్యాంకు పుస్తకాల ఫొటోలు దించిన చోటే పడి ఉండేవి. తర్వాత కూర్చున్నవాడెవడైనా తెరిచి చూడవచ్చు. ముసలివాళ్ల వేలిముద్రలున్న కాగితాలు, ఆడపిల్లల ఫొటోలు అలా ఉండటం చూసి నేను అక్కడే గట్టిగా మాట్లాడాను. దాదా నొచ్చుకున్నారు కానీ విన్నారు. ఇప్పుడు కంప్యూటరు మళ్లీ మొదలైన ప్రతిసారీ దించినవన్నీ చెరిగిపోయేలా పెట్టారు, ఒక్కొక్కరు లేచాక కుర్రాడు దాన్ని ఆపి మొదలుపెడతాడు. అయినా మీ జాగ్రత్త మీరు పడండి. పాస్‌వర్డు గుర్తుంచుకోమంటారా అని బ్రౌజరు అడిగితే వద్దనండి. లాగ్అవుట్ చేసి లేవండి. ఓటీపీ ఎవరికీ, ఆ కుర్రాడికి కూడా, పైకి చదివి వినిపించకండి. అతను నమ్మదగినవాడే, కానీ పక్క కుర్చీలో ఎవరున్నారో మనకు తెలియదు. ద్వీపంలో నెట్ కోసం ఒకే చోట అందరం పోగవుతాం కాబట్టి ఈ విషయంలో మొహమాటం అసలు పనికిరాదు.

ధరలు: నెట్ గంటకు 60 రూపాయలు, అరగంటకు 30. నలుపు ప్రింటు పేజీ 10, జిరాక్స్ 5. ఈ ధరలు వైజాగ్‌తో పోలిస్తే ఎక్కువే. కాగితం, సిరా, డీజిల్ అన్నీ ఓడ మీద రావలసిన చోట నాకు ఇవి ఎక్కువ అనిపించవు. పాఠశాల పిల్లలకు దరఖాస్తుల పని ఉచితం. లాడ్జిలకు నెల లెక్కన కూడా ఇస్తారు, దాని వివరాలు నేరుగా అడగండి. ఇంట్లో ఫైబరు ఉన్న నాలాంటివాళ్లకు కూడా నెలకట్టు దండగ కాదు.

ఉదయం 7 నుంచి ఒంటిగంట దాకా, మళ్లీ 3 నుంచి రాత్రి 8 దాకా తెరిచి ఉంటుంది. ఆదివారం ఒకపూటే. దుర్గాపూజ నాలుగు రోజులు పూర్తిగా మూసేస్తారు. ఆ వారంలో జీఎస్టీ గడువు పడితే ముందే పని ముగించుకోండి, నేను అలాగే చేస్తాను. నగదు తీసుకెళ్లండి, వీలైతే మీ సొంత పెన్‌డ్రైవ్ కూడా. లోపలికి వెళ్లే ముందు బోర్డు చదవండి. హిందీ చదవడం రాకపోతే కుర్రాడిని తెలుగులో అడగండి, ఉన్నది చెబుతాడు.